పదకొండు వాక్యాలు

లాండ్రీ వెనక, భోజనాల గది
జూన్ 6

గొడుగమ్మకి,

నీ అసలు పేరు తెలిసినా ఇలా పిలవడమే నాకు బాగుంది. మూడేళ్లుగా ఆన్‌లైన్ క్లాసులో నీ ముఖం ఉండాల్సిన చోట ఆ నీలం గొడుగు బొమ్మే చూస్తున్నాను. ఇప్పుడు హఠాత్తుగా పేరు పెట్టి రాస్తే ఎవరో పరాయిదాన్ని పలకరించినట్టుంటుంది. నా చోట ఖాళీ కుర్చీ ఎందుకుందని అడిగావు కదా. మా అమ్మాయి ఫొటో తీస్తానని నన్ను కూర్చోబెట్టింది. ఈలోగా ఎవరో తలుపు కొడితే లేచి వెళ్లాను. వచ్చేసరికి "నీకంటే కుర్చీయే బాగా పడిందమ్మా" అని అదే పెట్టేసింది. కన్నకూతురు మరి, ఏమంటాం.

మొత్తానికి నీ సలహా పాటిస్తున్నాను. మూడేళ్ల చదువంతా ఫోన్లో చెప్పి, ఆఖరి పరీక్షలు మాత్రం మూడు గంటలు కూర్చుని చేత్తో రాయమంటున్నారు. సంతకం తప్ప నేనేదైనా రాసి ఇరవై ఏళ్లయింది. నువ్వన్నట్టు ఉత్తరాలు రాసుకుంటే చేయి తిరుగుతుంది. పరీక్షలయ్యేదాకా ఫోన్ నంబర్లు ఇచ్చుకోవద్దన్న నీ షరతూ ఒప్పుకున్నాను. మాట్లాడుకోవడం మొదలైతే ఇక రాసేదెవరు?

క్లాసులో నలభై రెండు మందిమి. ఆ రోజు మాస్టారి మైకు ఆగిపోయి పది నిమిషాలు ఆయన చేతులూపుతూ పాఠం చెబుతుంటే ఒక్కరూ నోరెత్తలేదు. చివరికి నేనే "సార్, వినబడట్లేదు" అని టైపు చేశాను. వెంటనే నువ్వు నాకు విడిగా "అక్కా, నేను పది నిమిషాలుగా రాయాలా వద్దా అని చస్తున్నాను" అని పంపావు. పడీ పడీ నవ్వాను. తర్వాత ఆదివారం కలిసి చదువుకుందామని నేను అందరినీ పిలిస్తే ఏడుగురు వచ్చారు, మరుసటి వారం నలుగురు, ఆపైన నువ్వొక్కదానివే. నలభై రెండు మందిలో ఒక్కరు మిగిలారంటే నాకు అదే గొప్ప.

వేళ్లు పీకుతున్నాయి. ఉంటాను.

నీ కుర్చీ అక్క


నర్సరీ స్కూలు, పిల్లలు పడుకున్న వేళ
జూన్ 15

కుర్చీ అక్కా,

నీ కవరు చూసి మా అమ్మ అటు తిప్పి ఇటు తిప్పి "ఎవరే, కోర్టు నుంచా?" అంది. స్నేహితురాలని చెబితే నమ్మదే! "ముఖం కూడా చూడని మనిషి స్నేహితురాలెలా అవుతుందే" అని వాదన. ముప్ఫై ఏళ్లు సినిమా హాలు గుమ్మంలో నిలబడి టికెట్లు చింపింది కదా, ముఖం చూడనిదే ఎవరినీ లోపలికి రానివ్వదు.

ఇక్కడ పదహారు మంది పడుకున్నారు. ఒక పిల్ల నా ఎడమ బొటనవేలు పట్టుకుని గానీ కళ్లు మూయదు. అందుకని కాగితం జారిపోతున్నా ఒంటి చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టకు.

అక్కా, నీకొక సంగతి చెప్పాలి. సరదాకి చదువుతున్నానని క్లాసులో అందరికీ చెప్పుకున్నాను. అది నిజం కాదు. వచ్చే జూన్ నుంచి డిగ్రీ లేనివాళ్లు పిల్లల గదిలో ఉండకూడదని కొత్త రూలు వచ్చింది. ఈసారి తప్పానంటే ఈ ఉద్యోగం పోయినట్టే. నాకు ఇది తప్ప వేరే పని చేతకాదు, ఇష్టమూ లేదు. ఎవరికీ చెప్పకు, నీ ఒక్కదానికే చెప్పాను.

పాత ప్రశ్నపత్రాలు తిరగేశాను. మూడేళ్లుగా వరసగా ఒక ప్రశ్న వస్తోంది. "మీకు దగ్గరగా తెలిసిన ఒక పనిని తీసుకుని, ఆ పని చేసే మనిషిని సమాజం ఎలా చూస్తుందో రాయండి." ఇరవై మార్కులు. ముందు నువ్వు రాసి పంపు, తర్వాత నేను రాస్తాను. ఒకరిది ఒకరం ఎత్తిరాద్దాం. చేతికి వేగం వస్తుంది, భాష కూడా బాగుపడుతుంది.

నీ గొడుగు


లాండ్రీ వెనక, భోజనాల గది
జూలై 2

గొడుగూ,

నీ ఉద్యోగం సంగతి నా కడుపులోనే ఉంటుంది, భయపడకు.

జవాబు విడిగా నాలుగు పేజీలు రాసి ఇందులో పెట్టాను. నా పని గురించే రాశాను, నాకు ఇంకేం తెలుసు గనక. మా లాండ్రీకి మధ్యలో గోడ ఉంటుంది. ఇటు మురికి వైపు, అటు శుభ్రం వైపు. మిషన్లు ఆ గోడలోనే ఉంటాయి. ఆసుపత్రి దుప్పట్లు ఇటు నుంచి మేం వేస్తాం, ఉతికాక అటు తలుపు తీసి వాళ్లు తీసుకుంటారు. క్రిములు అంటుతాయని ఇటువాళ్లు అటు వెళ్లకూడదు. ఇన్నాళ్లూ ఇదేదో మామూలు సంగతే అనుకున్నాను. రాస్తూ రాస్తూ ఉంటే ఒక వాక్యం పడింది. "పద్దెనిమిదేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్నాను, ఉతికిన దుప్పటిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

రాశాక దాన్నే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లు నాకెందుకు తట్టలేదు? ఎవరూ అడగలేదు కాబట్టి. ఎప్పుడొస్తావు, ఎన్ని మూటలయ్యాయి, ఎందుకు ఆలస్యమైంది, ఇవే అడుగుతారు నన్ను. నీ పని గురించి నువ్వేమనుకుంటున్నావు అని అడిగింది నువ్వే.

నీ అక్క


నర్సరీ స్కూలు
జూలై 14

అక్కా,

చదివి ఏడ్చాను. ఎత్తిరాశాను. మళ్లీ ఇంకోసారి ఎత్తిరాశాను. నీ జవాబు ఇప్పుడు బస్సులో కూడా నా నోట్లో తిరుగుతోంది. మొన్న ఒక బుడతడికి ముక్కు తుడుస్తూ "మురికి వైపు మనుషులకి" అని గొణుక్కుంటున్నాను, వాడు నడుం మీద చేతులు పెట్టి "నేనేం మురికి కాదు" అన్నాడు. బతిమాలుకోవాల్సొచ్చింది.

నాది మాత్రం కదలట్లేదు. "పిల్లలు దేవుడితో సమానం" అని మొదలుపెడతాను, అక్కడితో బండి ఆగిపోతుంది. నీకు మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి అక్కా? నాకు ఉన్నవన్నీ ఎవరో వాడి వదిలేసినవే. ఏదో ఒకటి రాసి పంపుతాను, నవ్వకు.

నీ గొడుగు


మా ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
సెప్టెంబర్ 20

గొడుగూ,

నీ జవాబు చదివాను. మొహమాటపడి నీకు చెడు చేయలేను, చప్పగా ఉంది. పిల్లల మనస్తత్వమూ, సమాజమూ, బాధ్యతా అని పుస్తకంలోవన్నీ దించావు. నువ్వెక్కడున్నావు అందులో? బొటనవేలు పట్టుకుని పడుకునే పిల్ల గురించి నాకు రాశావు చూడు, అది రాయి. ఆ పిల్ల నిద్రలేచేదాకా చేయి తీసుకోలేక నువ్వు ఒంటి చేత్తో ఎన్ని పనులు చేస్తావో రాయి. ఇరవైకి ఇరవై వేయకపోతే నన్నడుగు.

మా అమ్మాయి నిన్న "అమ్మా, నీకు కూడా ఫ్రెండా!" అంది, వింతగా. నాకూ వింతగానే ఉంది. పెళ్లయ్యాక చుట్టాలు ఉన్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు, పనిలో తోటివాళ్లు ఉన్నారు. ఇది చూశాను, నీకు చెప్పాలి అని పరుగెత్తుకొచ్చే మనిషి మాత్రం నలభై మూడేళ్లకి దొరికింది. ఈ చదువు వల్ల నాకు ఇంకేమీ రాకపోయినా ఫర్వాలేదు.

డిగ్రీలిచ్చే రోజు ఇద్దరం ఒకే వరసలో కూర్చుందాం. అప్పుడు చూసుకుందాం ముఖాలు.

పరీక్షకి ముందు కడుపునిండా తిను. ధైర్యంగా రాయి.

నీ అక్క


ఇల్లు
నవంబర్ 4

అక్కా,

పరీక్షలయ్యాయి. మనం అనుకున్న ప్రశ్నే వచ్చింది. బాగానే రాశాను. నువ్వు కూడా బాగా రాసి ఉంటావు, నాకు తెలుసు.

ఒంట్లో కాస్త నలతగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను. క్లాసు మెసేజ్‌లో ఫోన్ నంబర్ అడిగావు, ఈ ఫోన్ పాడైంది, కొత్తది వచ్చాక పంపుతాను.

గొడుగు


లాండ్రీ వెనక, భోజనాల గది
డిసెంబర్ 8

గొడుగూ,

నీకూ వచ్చే ఉంటుంది నోటీసు. నాకు నిన్న వచ్చింది. మన ఇద్దరి పేపర్లలో ఆ ఇరవై మార్కుల జవాబులో పదకొండు వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా ఒకటేనట. క్లాసు అకౌంటు కూడా ఆపేశారు, అందుకే నీకు మెసేజ్ పెట్టలేకపోయాను. పదిహేను రోజుల్లో ఎవరి వివరణ వాళ్లు రాసి పంపాలి. కాపీ కొట్టినవాళ్లకి ఫలితం రద్దు, రెండేళ్లు పరీక్ష రాయకూడదు. అసలు రాసినవాళ్లని వదిలేస్తారు. ఎవరిదో తేలకపోతే ఇద్దరికీ శిక్షే.

నీ పేపర్లోకి నా లాండ్రీ ఎలా వచ్చింది? కోపంతో అడగట్లేదు. ఏం జరిగిందో నాకు చెప్పు, అంతే.

నువ్వు తొందరపడి ఏమీ రాయకు. ముందు మనిద్దరం ఒక మాట అనుకుందాం. నీ ఉద్యోగం పోకుండా ఏదో ఒక దారి చూస్తాను.

నీ అక్క


ఇల్లు
డిసెంబర్ 14

అక్కా,

నన్ను క్షమించు. ప్రశ్న చూడగానే నా బుర్ర ఖాళీ అయిపోయింది. బొటనవేలు పిల్ల గురించి మొదలుపెట్టి రెండు లైన్లు రాసి కొట్టేశాను. టైము అయిపోతోంది. రెండుసార్లు ఎత్తిరాసిన చేయి కదా, నీ జవాబు దానంతట అదే వచ్చేసింది. ఆపాలని తెలుసు, ఆపలేకపోయాను. నవంబర్లో నీకు ఈ సంగతి చెప్పడానికి ముఖం చెల్లలేదు.

వివరణ నేనింకా ఏమీ రాయలేదు. నువ్వెలా చెబితే అలా చేస్తాను.

గొడుగు


లాండ్రీ వెనక, భోజనాల గది
డిసెంబర్ 18

పిచ్చి పిల్లా,

ఏడవకు. అయిపోయింది. నిన్న నా వివరణ పంపేశాను. ఆ జవాబు నీదేననీ, నీ ఉత్తరంలో చదివి నేనే పరీక్షలో దించాననీ రాసి సంతకం పెట్టాను. నువ్వు కూడా "ఆ జవాబు నాదే" అని రెండు ముక్కలు రాసి పంపు, అంతకంటే ఎక్కువ వద్దు. ఎక్కువ రాస్తే దొరికిపోతాం.

నిజం రాస్తే నీ ఉద్యోగం పోతుంది. ఆ పిల్లలు మధ్యాహ్నం ఎవరి వేలు పట్టుకుని పడుకుంటారు? నాకంటావా, డిగ్రీ ఉన్నా లేకపోయినా అవే మూటలు, అదే మిషను. అలంకారానికి చదివాను అనుకో. మా అమ్మాయి కాస్త ఎగతాళి చేస్తుంది, పడతాను.

నువ్వు చేసింది తప్పే, కాదనను. కానీ భయంలో చేసిన తప్పు. నాకు నీ మీద కోపం లేదు. కాస్త తిను, సరిగా నిద్రపో.

నీ అక్క


ఇల్లు
డిసెంబర్ 23

అక్కా,

నువ్వు దేవతవి. నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నా సరిపోదు. నువ్వు చెప్పినట్టే రెండు ముక్కలు రాసి పంపాను.

నీ గొడుగు


మా ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
జనవరి 20

యూనివర్సిటీ కవరు వచ్చింది. నా ఫలితం రద్దు చేశారు, రెండేళ్లు పరీక్ష రాయకూడదు. అది నేను నెత్తికెత్తుకున్నదే కాబట్టి గట్టిగా ఊపిరి పీల్చుకుని చదివాను. కవరులో ఇంకో రెండు కాగితాలున్నాయి. నియమం ప్రకారం ఇద్దరి వివరణలూ ఇద్దరికీ పంపుతారట. నాది డిసెంబర్ 17. నీది డిసెంబర్ 9.

తారీఖు తప్పు చూశానేమోనని మా అమ్మాయికిచ్చి చదివించాను. తొమ్మిదే. తొందరపడకు, ఏదో ఒక దారి చూస్తాను అని నేను ఉత్తరం వేసిన మర్నాడు. అది నీ చేతికి అందకముందే.

నువ్వు రాసింది నాకు ఇప్పుడు కంఠతా వచ్చేసింది. "ఆ జవాబు నాది. మా అమ్మ పద్దెనిమిదేళ్లు ఆసుపత్రి లాండ్రీలో మురికి వైపు పనిచేసింది. ఆమె జీవితం చూసి రాశాను. నా సహాధ్యాయి ఉత్తరాల్లో నా జవాబు తీసుకుని వాడుకుంది."

మీ అమ్మ సినిమా హాల్లో టికెట్లు చింపింది కదే. నా పద్దెనిమిదేళ్లు తీసుకెళ్లి ఆవిడకిచ్చావా? కనీసం పదిహేడు అనో, ఇరవై అనో మార్చడానికైనా నీకు మనసు రాలేదా?

పద్నాలుగున ఇంకా ఏమీ రాయలేదు, నువ్వెలా చెబితే అలా అన్నావు. ఇరవై మూడున దేవతవన్నావు. రెండుసార్లూ నీకు తెలుసు. నేను సంతకం పెట్టి పంపానని మురిసిపోతుంటే, అక్కడ కూర్చుని చదువుతూ నీకేమనిపించింది? ఇది ఒక్కటి చెప్పు.

నువ్వు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. అడక్కపోయినా ఇచ్చాను. కానీ నేనివ్వకముందే నువ్వు తీసేసుకున్నావు. ఇక నేనిచ్చినదేమిటి?

నీ జూలై ఉత్తరం నా దగ్గరే ఉంది. "ఎత్తిరాశాను, మళ్లీ ఇంకోసారి ఎత్తిరాశాను" అన్న ఉత్తరం. అదీ, తప్పు ఒప్పుకున్న నీ డిసెంబర్ ఉత్తరమూ కమిటీకి పంపమని మా అమ్మాయి పోరుతోంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో దానికి చెప్పలేక వంటింట్లోకొచ్చి కూర్చుని ఏడ్చాను. చిన్నపిల్లలా, వెక్కి వెక్కి. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు.


ఇల్లు
జనవరి 26

అక్కా,

నన్ను అలా పిలవనిస్తావో లేదో తెలియదు.

నోటీసు స్కూలుకే వచ్చింది. మా పెద్ద టీచరు పక్కన నిలబడి చదివింది. "ఇది తేలకపోతే వచ్చే నెల నుంచి రావక్కర్లేదు" అంది. ఆవిడ చూస్తుండగానే కాగితం తీసుకుని రాశాను. ఇంటికొచ్చాక చించేద్దామనుకున్నాను. అప్పటికే ఆవిడే పోస్టు చేయించేసింది. రెండు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. దారి చూస్తానన్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే నువ్వు ఉత్తరాలు మానేస్తావని భయమేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఎక్కువగా. నమ్ముతావా?

ఏమనిపించిందని అడిగావు. నువ్వు పంపేశానని రాసిన ఉత్తరం చదివి హాయిగా అనిపించింది అక్కా. ఇక నా అబద్ధం బయటపడదని. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ముందు వచ్చింది మాత్రం హాయే. నీకు ఇంకో అబద్ధం చెప్పలేను.

పరీక్ష పాసయ్యాను. మా అమ్మ వీధంతా చెప్పుకుంటోంది. నాకు ముద్ద దిగట్లేదు. నువ్వు ఊ అను, కమిటీకి నిజం రాసేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. లేదంటే నీ కడుపుమంట తీరేలా నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి. నువ్వు రాయకపోతే నేను తట్టుకోలేను.

గొడుగు


లాండ్రీ వెనక, భోజనాల గది
ఫిబ్రవరి 3

ఊ అనమన్నావు. అనను. నిజం రాయాలనుకున్నదానివైతే నన్ను అడగవు, రాసేస్తావు. ఆ బరువు కూడా నా నెత్తినే పెట్టాలని చూడకు.

తిట్టమన్నావు. తిట్టడానికి ఇంకా నా మనిషివనిపించాలి కదా. కూర్చుని చూశాను, ఒక్క తిట్టూ రాలేదు.

హాయిగా అనిపించిందన్న మాట ఒక్కటీ నిజమని నమ్ముతున్నాను. అది రాసినందుకు నీ మీద కాస్త గౌరవం మిగిలింది. పిల్లల దగ్గర నువ్వు మంచిదానివే, అది కూడా నమ్ముతున్నాను. వాళ్ల దగ్గరే ఉండు. జూలై ఉత్తరంతో సహా నీ ఉత్తరాలన్నీ చించేశాను. ఇక మా అమ్మాయి కూడా ఏమీ చేయలేదు.

నేనూ నీకొక సంగతి దాచాను. డిగ్రీ అలంకారానికి అన్నాను చూడు, అది అబద్ధం. చేతికి రాగానే సూపర్‌వైజరుగా వేస్తామని మా మేనేజరు మాటిచ్చాడు. సూపర్‌వైజరు రెండు వైపులా తిరగొచ్చు. ఆ పదవి మొన్న ఇంకొకరికిచ్చారు. నీకు తెలిస్తే బాధపడతావని అప్పుడు చెప్పలేదు. నువ్వు బాధపడకుండా చూసుకున్నాను, చూడు నా తెలివి.

అయినా నన్ను తినేస్తున్నది అదీ కాదు. రెండేళ్లయ్యాక మళ్లీ పరీక్ష రాస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. చేయి మొద్దుబారకూడదని ఆదివారం తెల్లకాగితం తీసుకుని అదే ప్రశ్నకి కూర్చున్నాను. "మాది ఆసుపత్రి లాండ్రీ" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఇకమీదట ఇది రాయకూడదు కదా నేను. యూనివర్సిటీ కాగితాల్లో అది మీ అమ్మ కథ. పక్కనే నా సంతకం కూడా ఉంది, అవును ఆమెదే అని. నా పద్దెనిమిదేళ్ల గురించి నేను రాసుకుంటే రెండోసారి కాపీ కొట్టినట్టు.

దీనికి జవాబు రాయకు. వచ్చినా విప్పను.

ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. వేరే ఏదైనా పని గురించి రాద్దామని చూస్తున్నాను. నాకు దగ్గరగా తెలిసింది ఇంకొకటి లేదు.